నురుగు నిలవని గడ్డం

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడాది ఎండాకాలంలో నేను వనపర్తిలోని ఒక చిన్న దవాఖానలో డ్రెస్సరుగా చేరాను. అంతకుముందు నాగర్‌కర్నూలులో పని నేర్చుకున్నాను. డ్రెస్సరంటే ఎవరో ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. అప్పటి దవాఖానలో డాక్టరు తర్వాత కంపౌండరు, కంపౌండరు తర్వాత డ్రెస్సరు, ఆ తర్వాత నీళ్లు మోసే భిస్తీ, ఊడ్చే మనిషి. మందులు కలపడం, మత్తు ఇవ్వడం కంపౌండరు పని. గాయాలు కడగడం, కట్లు కట్టడం, పనిముట్లు మరిగించడం, కోతకు ముందు రోగిని తయారు చేయడం డ్రెస్సరు పని. తయారు చేయడమంటే చాలావరకు వెంట్రుకలు గీయడమే.

మాది గద్వాల. ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్లు. మా పెద్దనాన్న ఒకసారి ఏదో పని మీద వనపర్తి వచ్చి, దవాఖాన వరండాలో నేను ఒకాయన చెంపకు సబ్బు రాస్తుండగా చూశాడు. "ఏందిరా, గింత సదువు సదివింది గిందుకేనా?" అన్నాడు. ఆ మాట నాకంటే ముందే గద్వాల చేరింది. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు గడ్డం నిమురుకుంటూ నా ముందు కూర్చునేవాళ్లు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత తర్వాత కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగలలేదు. పొద్దున లేచింది మొదలు చీము, నెత్తురు, కార్బాలిక్ వాసన. భోజనం దగ్గర కూర్చున్నా చేతులకు అదే వాసన.

ఊళ్లో క్షౌరవృత్తి వాళ్లు లేరా, ఈ పని నువ్వెందుకు చేశావని అడిగేవాళ్లున్నారు. ఉన్నారు, మంచి పనిమంతులు. కానీ అప్పట్లో వాళ్లు సబ్బు వాడేవారు కాదు. నీళ్లు చల్లి, వెంట్రుక మెత్తబడేదాకా చేత్తో రుద్ది రుద్ది గీసేవారు. ఆరోగ్యంగా ఉన్న చెంపకు అది చాలు. వాచి, చీము పట్టి, ముట్టుకుంటే ప్రాణం పోయే చెంపను అలా రుద్దలేం. అక్కడ వెంట్రుకను మెత్తబరచాల్సింది చెయ్యి కాదు, నురుగు. నురుగు పలుచనైతే కత్తి పట్టుకుంటుంది, చర్మం తెగుతుంది, తెగిన చోట మళ్లీ చీము. అందుకే నాకు పని నేర్పినాయన కత్తి పట్టనివ్వడానికి ముందు కొన్ని నెలలపాటు నా చేత వట్టి నురుగే తీయించాడు.

నురుగు గొప్పతనం సబ్బులో ఉందనుకుంటారు చాలామంది. సగం గొప్పతనం నీళ్లది. మా దవాఖాన బావి నీళ్లు పప్పు ఉడకని నీళ్లు. వాటితో ఎంత తిప్పినా నురుగు లేచినట్టే లేచి చచ్చిపోతుంది. భిస్తీ చెరువు నుంచి తెచ్చే మంచినీళ్లు ఒక కుండలో విడిగా పెట్టేవాణ్ని. బ్రష్షును ముందుగా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే కుచ్చు ఊడిపోతుంది. ఈలోగా వెచ్చటి తడిగుడ్డను గడ్డం మీద వేసి ఉంచాలి. తర్వాత బ్రష్షు ఒకసారి విదిలించి, చెక్క గిన్నెలో ఉన్న సబ్బు మీద గుండ్రంగా తిప్పాలి. మొదట వచ్చేవి పెద్ద పెద్ద బుడగలు. అది చూసి మోసపోకూడదు, అది పొంగే గాని నురుగు కాదు. తిప్పుతూనే ఉండి, బ్రష్షు కొసతో చుక్క చుక్క నీళ్లు కలుపుతూ పోతే బుడగలు కనబడకుండా పోయి, మీగడలా చిక్కనిది తయారవుతుంది. బ్రష్షు ఎత్తితే అది జారిపోకుండా ముక్కులా నిలబడాలి. దాన్ని వెంట్రుకకు ఎదురు దిశలో రాసి, వెంట్రుకలను లేపి, ఆ తర్వాత సాఫుగా రాయాలి. తొందరపడేవాడికి ఈ పని పనికిరాదు. అలసిపోయినవాడికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ కాసేపు కూర్చోవచ్చు.

ఇక కుర్మన్న సంగతి.

కుర్మన్న పెబ్బేరు పశువుల సంతలో దలారి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, తువ్వాల కింద వేళ్లు పట్టి బేరం తెంపే మనిషి. సంతలో ఒక కోడె బెదిరి కొమ్ము విసిరితే ఎడమ చెవి కింద నుంచి గదవ, అంటే చుబుకం, దాకా చీరుకుపోయింది. ఆ రోజే తేవలసింది. ఊళ్లో ఏదో పూసి కట్టు కట్టారు. మూతి తెరవలేని స్థితి వచ్చాక, ఒళ్లు జ్వరంతో కాలిపోతుండగా బండిలో వేసుకొని వచ్చారు. మనిషి మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. గుబురు గడ్డం. ఎడమ చెంపంతా నెత్తురు గడ్డకట్టి ఎర్రగా అట్టలు కట్టి ఉంది.

మా డాక్టరు గారు హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి. పని తెలిసినవాడు, మాట తక్కువ, ఎప్పుడు చూసినా నిద్ర చాలని కళ్లు. చూసి, వెంట్రుకలు పుండులోకి పోయి ఉన్నాయనీ, ముందు అవన్నీ తీసేయాలనీ, ఆ తర్వాత కుళ్లిన కండ కోసి చీము పోయే దారి చేద్దామనీ చెప్పి, వరండాలో రోగుల దగ్గరికి వెళ్లిపోయారు. కంపౌండరు క్లోరోఫారం సిద్ధం చేసుకోసాగాడు. నేను పుండు మీద గాజుగుడ్డ కప్పి, గడ్డానికి తడిగుడ్డ వేసి, బ్రష్షు నానబెట్టాను.

ఆ రోజు నురుగు రాలేదు. గిన్నెలో బాగానే ఉంది, గడ్డానికి రాయగానే విరిగిన పాలలా తునకలైపోయింది. తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ అదే. బావి నీళ్లు పోశావా అని భిస్తీని కేకలేశాను. చెరువు నీళ్లేనని ఒట్టేశాడు పాపం. యుద్ధం పేరు చెప్పి నాసిరకం సబ్బు అంటగట్టారేమోనని సబ్బును తిట్టాను. బ్రష్షుకు మందునీళ్ల వాసన పోలేదేమోనని మళ్లీ కడిగాను. లోపల నుంచి కంపౌండరు "అయిందా?" అని ఒకటే గొడవ. ఎండ, ఈగలు, ఉడుకు. ఈ ఉద్యోగం మానేసి మగ్గం మీద కూర్చుందామా అనిపించిన రోజుల్లో అదొకటి.

చివరికి విసుగెత్తి అదే బ్రష్షుతో నా అరచేతి మీద తిప్పి చూశాను. శుభ్రంగా నిలబడింది. అంటే నీళ్లలో, సబ్బులో, బ్రష్షులో లోపం లేదు. లోపం ఆ చెంప మీదే ఉంది. దగ్గరికి వంగి చూస్తే నేను ఎండిన నెత్తురనుకున్నదంతా నెత్తురు కాదు.

"ఏం పెట్టిన్రు కుర్మన్నా దీనికి?" అని అడిగాను.

"ఏముంటది సారూ, సున్నం పసుపు," అన్నాడు పళ్ల సందుల్లో నుంచి.

పసుపూ సున్నమూ కలిస్తే నెత్తురు రంగే వస్తుంది. సున్నం తగిలితే సబ్బు చచ్చిపోతుంది, బావి నీళ్లలో జరిగేదీ అదే. దవాఖానలో సిర్కా, అదే వెనిగర్, ఉండేది. సున్నాన్ని విరిచేది పులుపే. దాన్ని నీళ్లలో పలుచన చేసి, దూదితో పుండు చుట్టూ ఉన్న గడ్డాన్ని కుదురు కుదురుగా తుడిచాను. ఎరుపు విరిగి పసుపు రంగు తేలింది. పసుపు తేలిందంటే సున్నం పోయినట్టు. వెచ్చటి మంచినీళ్లతో కడిగి, మళ్లీ మొదటి నుంచి నురుగు తీశాను. ఈసారి వెంట్రుక వెంట్రుకకూ పట్టి నిలిచింది. కుర్మన్న హాయిగా కళ్లు మూసుకున్నాడు. నేను కత్తి తెరిచాను.

కత్తి తెరిచిన చప్పుడుకు కళ్లు తెరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. పశువుల ముకుతాళ్లు పట్టిన చెయ్యి అది, విడిపించుకోవడం నా వల్ల కాలేదు.

"కత్తేంది సారూ?"

"గడ్డం గీయాలి గదా."

"గీకుడేంది? సబ్బువెట్టి కడుగుతున్నవనుకున్న నేను. గీకొద్దు. నా పెండ్లానికి ఎనిమిదో నెల."

అప్పుడు నాకు విషయం తెలిసింది. మా వైపు భార్య కడుపుతో ఉంటే, నెలలు నిండుతున్నకొద్దీ మగవాడు గడ్డానికి కత్తి తగలనివ్వడు. తగిలితే కడుపులో బిడ్డకు కీడని నమ్మకం. మా ఇంట్లోనూ ఉంది. ఆ గుబురు గడ్డం అతని సోకు అనుకున్నాను గాని మొక్కులాంటిదని అనుకోలేదు. నేను ఏదో నచ్చజెప్పబోతుంటే అతనే అన్నాడు.

"ముందుగాల రెండు కాన్పులు వోయినయి సారూ. మొదటిది పుట్టి ఏడ్వనే లేదు. రెండోసారి, సంతల నలుగుట్ల తిరిగేటోన్ని గద అని గడ్డం గీకించుకున్న. అది గూడ వోయింది. ఇప్పుడు మల్ల గీకించుకొమ్మంటున్నవా?"

డాక్టరు గారిని పిలిచాను. ఆయన వచ్చి నిలబడి, చీము మెడలోకి దిగుతుందనీ, ధనుర్వాతం వచ్చి దవడలు బిగుసుకుంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరనీ, వెంట్రుకలుండగా కత్తి పెట్టడం కుదరదనీ మెల్లగానే చెప్పారు. కుర్మన్న విన్నాడు. "పోతే నేను వోత సారూ. ఆమె కడుపు నిలవాలె," అన్నాడు. డాక్టరు గారు నా వైపు చూశారు. బయటి రోగులను చూడడం అయ్యేలోపు ఏదో ఒకటి తేల్చమని చెప్పి వెళ్లిపోయారు. తేల్చడం డ్రెస్సరు పని కాదు. కానీ ఆ దవాఖానలో ఎవరికీ రాని పనులన్నీ చివరికి నా నెత్తినే పడేవి.

భార్య బయట ఉందని బండివాడు చెప్పాడు. పేరు కిష్టమ్మ. దవాఖాన గాలి కడుపుతో ఉన్నవాళ్లకు మంచిది కాదని లోపలికి రానివ్వలేదట. బండి చక్రానికి ఆనుకొని కూర్చుంది. సన్నటి మనిషి, మొహమంతా అలసట. జరిగింది చెప్పాను. చక్రం ఆకు పట్టుకొని లేచి, బండివాడు వద్దంటున్నా లోపలికి నడిచింది. వరండాలో డాక్టరు గారి ముందు ఆగింది.

"గీకకుంటే ఏమైతది సారూ?"

"ఇంటికి ప్రాణంతో తీసుకుపోలేవు," అన్నారాయన.

ఆమె తల ఊపి నా వైపు తిరిగింది. "ఎంత గీకాలె?"

అప్పటిదాకా ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. గడ్డమంటే గడ్డం మొత్తమే అనుకున్నాం. ఇద్దరినీ కుర్మన్న దగ్గరికి తీసుకుపోయి, అతని మొహం మీద ఆరుతున్న నురుగులో వేలితో ఒక గీత గీసి చూపించాను. చెవి దగ్గర నుంచి గదవ నడిమి దాకా. మీసం అక్కర్లేదు, కుడి వైపు అక్కర్లేదు. డాక్టరు గారు చూసి, చాలన్నారు.

కిష్టమ్మ మొగుడి ముందు నిలబడింది. "ఇగో, ఇను. ఇటు దిక్కు ఉంటది గద. దేవుడు చూస్తే ఇటు దిక్కు చూడనియ్. కడుపు నాది, నేను చెప్తున్న. గీకించుకో. మొగడు లేకుంట నేనొక్కదాన్ని కని ఏం జేసుకోవాలె?"

కుర్మన్న ఎడమ చెంప నా వైపు తిప్పాడు.   నురుగు ఎండిపోయింది. ఎండిన నురుగు మీద కత్తి పెట్టడం కంటే వట్టి చెంప మీద పెట్టడం నయం. తుడిచేసి మళ్లీ తడిపి, మళ్లీ సబ్బు తిప్పాను. అంత జాగ్రత్తగా నురుగు నేను ఎన్నడూ తీయలేదు. కొత్త నురుగులో ఆ గీత మళ్లీ గీసి, వాచిన చర్మాన్ని బొటనవేలితో కొంచెం బిగించి, కత్తి బరువు కత్తికే వదిలేసి గీశాను. ఒక్క గాటు పడలేదు. కిష్టమ్మ బయటికి పోకుండా ఆ గీత దగ్గరే చూపు నిలిపి నిలబడింది, నేను దాటుతానేమోనని. దాటలేదు. ఆ తర్వాత డాక్టరు గారు కోసి, కుళ్లంతా తీసి, చీముకు దారి పెట్టారు.

చాలా రోజులు దవాఖానలోనే ఉన్నాడు. రోజూ కట్టు విప్పి కట్టేది నేనే. పుండు చుట్టూ మొలిచిన వెంట్రుకను మాత్రం కత్తెరతో తీసేవాణ్ని. జ్వరం తగ్గింది, దవడ తెరుచుకుంది, మనిషి ఇంటికి పోయాడు. ఎడమ చెంప మీద తాడంత మచ్చ, ఆ మచ్చ చుట్టూ అక్కడక్కడ తప్ప వెంట్రుక మొలవలేదు. కుడి చెంప మీద గుబురు గడ్డం.

కొన్నాళ్లకు సెలవు రోజున పెబ్బేరు సంతకు పోతే అతను కనిపించాడు. పిల్లలు వెంటపడి నవ్వుతున్నారు. ఎద్దుల బేరగాళ్లు, "ఓ కుర్మన్నా, సగం గడ్డానికి సగం దలాలి పైసలిస్తం, సరేనా?" అని మేలమాడుతున్నారు. కొందరు కొత్తవాళ్లు అతని తువ్వాల కింద చెయ్యి పెట్టడానికి జంకుతున్నారు. ఏ జబ్బో, ఏ శిక్షో అనుకొని ఉంటారు. అతను నన్ను చూసి నవ్వబోయి మచ్చ లాగి ఆపేశాడు. కుడి వైపు గడ్డం కూడా తీసేయమని చాలామంది చెప్పారట. "ఇంకొన్ని దినాలే సారూ. నవ్వేటోళ్లను నవ్వనియ్," అన్నాడు. ఇంటామె బాగున్నదనీ, బిడ్డ కడుపులో మంచిగ తిరుగుతున్నదనీ చెప్పాడు. ఆ సంతలో నా మనసు అంత తేలిక పడుతుందని నేననుకోలేదు.

వానలు పడ్డాక ఒక రోజు వచ్చాడు. వాన మొదలయ్యాక దవాఖానకు విరేచనాలు, చలిజ్వరాలు, తేలుకాట్లు అన్నీ ఒక్కసారే వస్తాయి. నాకు తల ఎత్తే తీరిక లేదు. వరండా చివర స్తంభానికి ఆనుకొని, అందరూ పోయేదాకా కూర్చున్నాడు. ఉతికిన బట్టలు. సగం గడ్డం అలాగే ఉంది. నేను చేతులు కడుక్కొని వచ్చేసరికి బల్ల మీద కూర్చొని కుడి చెంప చూపించాడు. "ఇది తీసెయ్ సారూ," అన్నాడు.

గడ్డం తీయించుకోవడానికి వచ్చాడంటే కాన్పు అయిపోయినట్టు. ఎలా అయిందో అతని మొహంలో తెలియలేదు. మొహం తిప్పి గోడ వైపు చూస్తున్నాడు. నేను అడగలేకపోయాను. చూరు కింద పట్టిన వాననీళ్లు ఉన్నాయి. వాటిలో బ్రష్షు నానబెట్టాను. సబ్బు మీద తిప్పుతూ అవసరమైనదానికంటే ఎక్కువసేపు తిప్పాను. వాననీళ్లకు నురుగు బ్రహ్మాండంగా లేచింది. రాయడం మొదలుపెట్టాను.

"ఆడివిల్ల సారూ," అన్నాడు అప్పుడు. "ఏడ్వలే."

బ్రష్షు ఆగిపోయింది. కిష్టమ్మ ఎలా ఉందని అడిగాను.

"ఆమె మంచిగనే ఉంది. ఆమెనే తోలింది నన్ను. ఊర్ల గీకించుకోకు, ఆ దవాఖాన సారుతోని గీకించుకొని రా అన్నది. ఆమెకు నీ మీద ఏం కోపం లేదని నీకు ఎరుక గావాల్నట."

 అడగకూడదని తెలిసీ, "మరి నీకో?" అన్నాను.

"నాకా?" అని ఆలోచించాడు. "నాకు తెల్వదు సారూ. రెండు దిక్కులా ఉంటే పిల్ల బతుకునేమో అని ఒకపారి అనిపిస్తది. మల్ల, నేను లేకుంటే ఆమె ఒక్కతే ఆ పిల్లను పాతిపెట్టొస్తుండె గద అని అనిపిస్తది. ఆమెతోని గిది చెప్పలే. నువ్వు గీకు, బండోడు ఎదురుచూస్తుండు."

గీశాను. మొహం కడిగి, పటిక రాసి పంపించాను. వానలోనే వెళ్లిపోయాడు. ఆ రోజు వరండా బల్ల మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కంపౌండరు పిలిచినా లేవలేదు.

ఆ తర్వాత చాలా దవాఖానల్లో పనిచేసి, చివరికి హెడ్ డ్రెస్సరుగా రిటైరయ్యాను. ఇప్పుడు కోతకు ముందు వెంట్రుకలు గీయడం కూడా తగ్గించేశారట, మంచిదే. నేను చేసినన్నాళ్లూ మగ రోగి గడ్డం తీయాల్సి వస్తే, బ్రష్షు తడపక ముందే, ఇంట్లో ఎవరైనా నీళ్లోసుకొని ఉన్నారా అని అడిగేవాణ్ని. ఉన్నారంటే, ఎంత మేర గీయాలో వేలితో గీసి చూపించి, ఇంటామెను పిలిపించి, ఆమె ముందే మాట అనిపించేవాణ్ని. కొత్త డాక్టర్లు కొందరు ఇదేం మూఢత్వమని విసుక్కున్నారు. దాని వల్ల ఏ బిడ్డా బతకదనీ, ఏ బిడ్డా చావదనీ వాళ్లకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. కానీ మేము కట్లు విప్పి పంపించాక ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో బతకాలి. అక్కడ ఏం జరిగినా, గీయమన్నది ఇద్దరమూ అని ఇద్దరికీ గుర్తుండాలి. కుర్మన్న గడ్డం దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే.